చిల్లులుంటే చాలదు, దారుండాలి

ఈ శీర్షికలో మామూలుగా పాఠకులు పంపిన ప్రశ్నల్లోంచి ఒకటి ఎంచుకుని, నాకు తెలిసినంతలో సమాధానం చెబుతూ ఉంటాను. ఈసారి ప్రశ్న మా ఇంట్లోనే పుట్టింది. పుట్టింది అనడం కంటే ఊరింది అంటే సరిగ్గా ఉంటుందేమో!

మేముండేది అట్లాంటాకి ఉత్తరాన. కిందటేడు ఫిబ్రవరిలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున్న బేస్‌మెంట్‌లోకి దిగితే కాలికి చల్లగా తగిలింది. కార్పెట్ తడి. వెనక గోడకి జానెడు ఎత్తున చెమ్మ. ఆ గోడ వారనే అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. దీపావళి దీపాలు, బొమ్మలకొలువు బొమ్మలు, అమ్మాయి చిన్నప్పటి ఆటవస్తువులు. అన్నిటికంటే అడుగున ఉన్న పెట్టెలో నేను ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు మా నాయన రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాలు. మా నాయనకి ఇంకు పెన్నుతో రాయడం అలవాటు. కింద ఉన్న ఉత్తరాలు ముద్దయిపోయాయి. నీలం సిరా ఒక ఉత్తరంలోంచి ఇంకో ఉత్తరంలోకి పాకి, అక్షరాలు కాస్తా మరకలైపోయాయి.

నిజం చెప్పాలంటే ఇది మొదటిసారి కాదు. రెండేళ్ళ కిందట అదే గోడమీద చెమ్మ కనిపిస్తే ఒకాయన్ని పిలిపించాను. లోపలివైపు నీళ్ళు చొరని రంగు రెండు పూతలు పూసి, చెక్కు తీసుకుని వెళ్ళాడు. ఇప్పుడా రంగు అప్పడంలా పొంగి, పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది.

అప్పుడు మా నాయన ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చి మా దగ్గరే ఉన్నాడు. నేను తడి గుడ్డలు పిండుతుంటే ఆయన గొడుగు పట్టుకుని బయటికి వెళ్ళి ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చాడు. "లోపల కాదురా చూడాల్సింది, బయట. గోడకి రంగు పూస్తే నీళ్ళు ఆగుతాయా? వాటికి పోయే దారి చూపించాలి గానీ," అన్నాడు.

పక్కనే ఉన్న మా అమ్మాయి అయిదో క్లాసు. బళ్ళో ఆ మధ్యే ఘన, ద్రవ, వాయు పదార్థాల పాఠం అయింది. "నాన్నా, గోడ సాలిడ్ కదా! సాలిడ్‌లోంచి నీళ్ళు ఎలా వచ్చాయి?" అని అడిగింది.

మంచి ప్రశ్న. ఒక పదార్థం తనలోంచి నీటినో గాలినో పోనిచ్చే గుణాన్ని మన పాఠ్యపుస్తకాల్లో పారగమ్యత అన్నారు. పేరు చూసి బెదరకండి. పారం అంటే అవతలి ఒడ్డు, గమ్యం అంటే చేరదగ్గది. ఇవతలి నుంచి అవతలికి చేరనిచ్చేది పారగమ్యం, అంతే.

చాలామంది అనుకునేదేమిటంటే, చిల్లులున్నది నీళ్ళు వదులుతుంది, చిల్లుల్లేనిది వదలదు అని. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఇందులో సగమే నిజం. వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజి తీసుకోండి. పక్కన థర్మకోల్ కాఫీ కప్పు పెట్టండి. రెండిట్లోనూ ఎక్కువ భాగం గాలే. థర్మకోల్‌లో అయితే నూటికి తొంభై అయిదు పాళ్ళ పైన గాలే. అయినా స్పాంజి నీళ్ళు తాగుతుంది, కప్పులో కాఫీ మాత్రం కారదు. ఎందుకంటే స్పాంజిలో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ద్వారాలున్నాయి. థర్మకోల్‌లో ప్రతి గదికీ నాలుగు వైపులా గోడలే. గదులెన్ని ఉంటేనేం, తలుపుల్లేకపోయాక?

అంటే లెక్కలు రెండు. పదార్థంలో ఖాళీ ఎంత ఉంది అన్నది ఒక లెక్క. ఆ ఖాళీల గుండా దారి ఎంత సులువుగా ఉంది అన్నది రెండో లెక్క. మొదటిది రంధ్రత, రెండోది పారగమ్యత. మా కంప్యూటర్ల భాషలో చెప్పాలంటే డిస్కులో ఎంత చోటుందన్నది వేరు, నెట్‌వర్కు ఎంత వేగంగా ఉందన్నది వేరు. డిస్కు పెద్దది కొన్నంత మాత్రాన సినిమా త్వరగా దిగదు కదా!

ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. ఇసుకలో ఖాళీ ఎక్కువా, బంకమట్టిలో ఖాళీ ఎక్కువా? నూటికి తొంభై మంది ఇసుకలో అంటారు. కానీ ఇసుకలో ఖాళీ నూటికి 25 నుంచి 50 పాళ్ళు ఉంటే, బంకమట్టిలో 40 నుంచి 70 పాళ్ళ దాకా ఉంటుంది! మరి నీళ్ళు ఇసుకలోంచి గబగబా దిగిపోయి, బంకమట్టి మీద చెరువు కట్టడమేమిటి?

కిటుకంతా దారి వెడల్పులో ఉంది. ఇసుక రేణువు కంటికి కనిపిస్తుంది. బంకమట్టి రేణువు మిల్లీమీటరులో అయిదు వందలో వంతు కంటే చిన్నది. అంత చిన్న రేణువుల మధ్య సందులు ఎన్ని ఉన్నా మరీ ఇరుకు. గొట్టం వ్యాసం సగానికి తగ్గిస్తే, అదే ఒత్తిడికి అందులో పారే నీళ్ళు సగం కావు, పదహారో వంతుకి పడిపోతాయి. దారి ఇరుకైతే అంత నష్టం.

ఈ సంగతిని మొదట లెక్కగట్టి చూపినవాడు ఫ్రాన్సు దేశంలో దిజోఁ అనే ఊరికి చెందిన ఇంజనీరు ఆఁరీ డార్సీ. ఆయన 1803లో పుట్టాడు. 12 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ఊట నుంచి 1840లో తన ఊరికి మంచినీళ్ళు తెప్పించాడు. నీటిని ఇసుకలో వడకట్టాలంటే ఎంత ఇసుక కావాలో తేల్చడానికి 1855, 1856లలో మనిషి కంటే ఎత్తైన గొట్టంలో ఇసుక నింపి, పైనుంచి నీళ్ళు వదిలి కొలిచాడు. తేలిందేమిటంటే, పారే నీరు మూడు సంగతుల మీద ఆధారపడుతుంది. ఇసుక పొర ఎంత వెడల్పైతే అంత ఎక్కువ, పైకీ కిందికీ నీటి మట్టంలో తేడా ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ, పొర ఎంత మందమైతే అంత తక్కువ. ఈ మూడూ సమానంగా ఉంచినా ఇసుకకీ మట్టికీ తేడా వస్తుందంటే, ఆ తేడా పదార్థానిదే. దానికో అంకె ఇచ్చాడు. 1856లో దిజోఁ నీటి సరఫరా మీద అచ్చేసిన పెద్ద పుస్తకంలో చివర అనుబంధంగా ఈ సంగతి రాశాడు. ఈనాటికీ భూగర్భ జలాల లెక్కలన్నీ డార్సీ సూత్రంతోనే మొదలవుతాయి.

ఆ అంకెలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. నీళ్ళు తన బరువుతో తాను నిలువుగా దిగేటట్టు చేస్తే, ఓ మోస్తరు ఇసుకలోంచి గంటకి 36 సెంటీమీటర్ల లోతు నీళ్ళు దిగుతాయి. బాగా దట్టించిన బంకమట్టిలోంచి ఏడాదికి 3 సెంటీమీటర్లు. గంటకి కాదండీ, ఏడాదికి! అమెరికాలో ఊరి చెత్త పూడ్చే చోట్ల కింద రెండడుగుల మందాన దట్టించిన మట్టి, దానిమీద ప్లాస్టిక్ పొర వెయ్యాలని 1991లో నిబంధనలు వచ్చాయి. ఆ మట్టి ఎంత బిగువుగా ఉండాలో చెప్పడానికి వాడిన అంకె ఇదే. మన చెరువు కట్టల నడుమ బంకమట్టి వేసి తొక్కించడంలో ఉన్న ఇంగితమూ ఇదే.

సరే, మళ్ళీ మా బేస్‌మెంట్‌కి వద్దాం. మా పెరట్లోది ఎర్ర బంకమట్టి. చెత్తకుంట కింద దట్టించినంత బిగువుది కాదు గానీ, నీళ్ళు ఇంకడానికి చాలాసేపు పడుతుంది. ఇల్లు కట్టేటప్పుడు ఆ మట్టిలో పెద్ద గొయ్యి తవ్వి, గోడలు లేపి, గోడకీ గట్టు మట్టికీ మధ్య సందుని తవ్విన మట్టితోనే వదులుగా పూడుస్తారు. వదులు మట్టి నీటిని త్వరగా తాగుతుంది, చుట్టూ ఉన్న గట్టి మట్టి వదలదు. అంటే మా ఇల్లు ఒక మట్టిమూకుట్లో కూర్చుని ఉంది! చాలదన్నట్టు కప్పు మీద నీళ్ళు దించే గొట్టాలు రెండూ సరిగ్గా ఆ వదులు మట్టిలోనే పోస్తున్నాయి. మా నాయన గొడుగేసుకుని చూసొచ్చింది దీన్నే.

గోడ వెనక నీళ్ళు ఒక మీటరు ఎత్తు నిలిస్తే, అడుగున చదరపు మీటరుకి ఒక టన్ను బరువు నెడుతుంది. కాంక్రీటు చూడటానికి రాయిలా ఉన్నా అందులోనూ సన్న దారులు ఉంటాయి. నాపలకల అతుకుల్లో, పగుళ్ళలో అయితే మరీ. లోపలివైపు రంగు పూస్తే ఆ నెట్టుడు తగ్గదు. నీళ్ళు రంగు వెనక్కి చేరి దాన్నే తోసేస్తాయి. డార్సీ చెప్పిన మూడింట్లో మట్టం తేడాని తగ్గించకుండా, పదార్థానికి ముసుగు వేశాం. అందుకే రంగు అప్పడమైంది.

వైద్యం నాలుగు శనివారాలు పట్టింది. గొట్టాలని పది అడుగులు దూరంగా పొడిగించాం. గోడ పక్కన నేల బయటికి వాలుగా ఉండేట్టు మట్టి ఎత్తు చేశాం. పెరడు ఎగువన ఒక కాలవ తవ్వి, గుడ్డ పరిచి, చిల్లుల గొట్టం పెట్టి, కంకర నింపాం. కంకరలో ఖాళీ బంకమట్టిలో కంటే తక్కువే. కానీ ఆ ఖాళీలు పెద్దవి, ఒకదానికొకటి కలిసినవి. అందుకని నీళ్ళు మట్టిని వదిలి కంకరలోకి వస్తాయి. గుడ్డ ఎందుకంటే, సన్న మట్టి వచ్చి కంకర సందుల్లో కూరుకుపోకుండా. కూరుకుపోతే అదీ బంకమట్టిలాగే అవుతుంది.

దీన్ని ఇక్కడ ఫ్రెంచి డ్రెయిన్ అంటారు. డార్సీ ఊరు ఫ్రాన్సు కాబట్టి అక్కణ్ణుంచి వచ్చిన పేరనుకున్నాను. కాదు. అమెరికాలో హెన్రీ ఫ్రెంచ్ అనే ఆయన పొలాల్లో మురుగునీరు తీసే పద్ధతుల మీద 1859లో ఒక పుస్తకం రాశాడు. ఆయన ఇంటిపేరే ఈ కాలవకి వచ్చింది. ఇంకో విశేషం. వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం చూడని మన కుటుంబం ఉండదేమో. అక్కడ కుర్చీలో కూర్చున్న లింకన్ విగ్రహానికి రూపమిచ్చిన శిల్పి డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్ ఈ హెన్రీ ఫ్రెంచ్ గారి అబ్బాయే. ఈసారి వెళ్ళినప్పుడు పిల్లలకి చెప్పండి.

కాలవ తవ్వడం ముగిశాక, చివర ఎక్కడ వదలాలన్న మాట వచ్చింది. పక్కింటి కంచె వైపు వాలు బాగుంది. నేను అటే గీత గీశాను. మా నాయన పార ఆపేశాడు. "మన నీళ్ళు ఆయన గోడ కిందికి పోతాయి. అట్ల వద్దు," అన్నాడు. ఆ మాట వెనక ఒక కథ ఉంది.

మాది అనంతపురం జిల్లాలో మెట్ట ఊరు. కింద ఉన్నది చాలా మటుకు గ్రానైటు జాతి రాయి. గ్రానైటు లోపల ఖాళీ దాదాపు లేనట్టే లెక్క. అక్కడ నీళ్ళుండేవి పైన చివికిన పొరలో, కింద రాయిలో పడిన పగుళ్ళలో. ఆ పగుళ్ళు ఒకదానికొకటి కలిసి, పై పొరతో సంబంధం ఉంటేనే వాన నీళ్ళు అందులోకి చేరతాయి. ఆరున్నర అంగుళాల బోరు అలాంటి పగులుకి తగిలితే నీళ్ళు పడతాయి. ఇరవై అడుగుల పక్కన వేస్తే తెల్ల దుమ్ము లేస్తుంది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగినా, రాయి లోపల దారి ఎటు పోతుందో పైకి కనపడదు. ఒకే చేలో ఒక బోరు పడి, ఇంకోటి ఎండిపోవడం రైతు రాత అనుకుంటాం. నిజానికి అది రాయి పారగమ్యత. అదీ చోటుకో తీరు.

మా నాయన 1998లో వేసిన మొదటి బోరు 260 అడుగులు పోయినా నీళ్ళు పడలేదు. రెండోది పడింది. మూడేళ్ళు వేరుశనగకి తడి ఇచ్చింది. ఆ తరవాత పక్క చేను వాళ్ళు ఇంకా లోతుగా ఒకటి వేశారు. ఎండాకాలానికి మా బోరు గాలి కక్కింది. ఇద్దరివీ ఒకే పగులు మీద కూర్చున్న బోర్లు. ఒకే గ్లాసులో రెండు స్ట్రాలు, వాళ్ళ స్ట్రా పొడుగు. వాళ్ళేదో మోసం చేశారని ఊళ్ళో చాలా మాటలు నడిచాయి, మాటలు ఆగిపోయాయి కూడా. కొన్నాళ్ళకి మా నాయనే వెళ్ళి కదిపాడు. 2000లో వచ్చిన నీరు-మీరు కార్యక్రమం రోజుల్లో ఊరూరా ఇంకుడు గుంతల మాట వినపడేది. ఇద్దరూ కలిసి గట్టు మీదే, ఇద్దరి చేలలో పారే వాన నీళ్ళూ దిగేట్టు ఒక గుంత తవ్వించి రాళ్ళూ కంకరా ఇసుకా నింపారు. కరువు తీరిందని చెప్పను. రెండేళ్ళకోసారి పైన పేరుకున్న ఒండ్రు తీస్తేనే అది పనిచేసేది. కానీ మంచి వానలు పడ్డ ఏడు రెండు బోర్లూ నిలిచేవి. గట్టు పైన ఉంటుంది గానీ, కింద పగులుకి గట్టు తెలియదు.

అందుకని ఇక్కడ కూడా మా కాలవ పక్కింటి వైపు పోలేదు. మా పెరట్లోనే పల్లంలో ఒక గుంత తవ్వి, కంకర నింపి, అందులోకి వదిలాం. కౌంటీ వాళ్ళనీ ముందు అడిగాం. పక్కింటాయన కంచె మీంచి చూసి, "ఇదేం చేస్తున్నారు?" అని అడిగితే మా నాయన చేతులు ఊపుతూ తెలుగులోనే వివరించాడు. ఆయనకి అర్థమైనట్టే తల ఊపాడు.

చివరగా ఒక్క మాట. పారగమ్యం అనగానే "దేనికి?" అని అడగడం మరవకండి. పుట్టినరోజు నాడు కట్టిన రబ్బరు బెలూన్లోంచి నీళ్ళు కారవు. కానీ హీలియం రబ్బరులోంచి మెల్లగా జారిపోయి మర్నాటికి బెలూన్ నేల మీద ఉంటుంది. మెరిసే రేకు బెలూన్ అయితే రోజుల తరబడి తేలుతుంది. అలాగే మన మట్టికుండ. దాని గోడలోంచి నీళ్ళు ధారగా కారేంత దారి లేదు, పైకి తేమ ఊరేంత దారి ఉంది. ఊరిన తేమ ఆవిరవుతూ లోపలి నీటి వేడిని పట్టుకుపోతుంది. బయటి వేడి తగలదనుకుంటే, పది లీటర్ల నీళ్ళని పది డిగ్రీలు చల్లబరచడానికి సుమారు 170 మిల్లీలీటర్లు ఆవిరైతే చాలు, ఒక పెద్ద గ్లాసు కూడా లేదు. నిగనిగలాడే పూత ఉన్న కుండ కొంటే ఆ దారి మూసుకుపోతుంది, నీళ్ళు చల్లబడవు. గాలిలో తేమ ఎక్కువుండే రోజుల్లో మంచి కుండ కూడా సరిగ్గా పనిచెయ్యదు. ఇక్కడి జూలైలో కుండ కొని నిరాశపడ్డవాళ్ళు దాన్ని తిట్టకండి.

పిల్లలూ, మీరే చేసి చూడండి!

మూడు ప్లాస్టిక్ సీసాలు అడుగు భాగం కోయించండి (కోసే పని పెద్దవాళ్ళది). మూతి దగ్గర పల్చటి గుడ్డ కట్టి, తలకిందులుగా మూడు గ్లాసుల్లో నిలబెట్టండి. ఒకదాంట్లో కంకర, ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో పెరట్లో బంకమట్టి సమానంగా నింపి, మట్టిని కొంచెం తడిపి నొక్కండి. మూడింట్లోనూ ఒక్కో కప్పు నీళ్ళు పొయ్యండి. ఎంతసేపటికి ఎన్ని నీళ్ళు దిగాయో గడియారం చూసి రాసుకోండి. మట్టి సీసా దగ్గర కూర్చుని ఎదురుచూడకండి, అన్నం తిని రండి. తరవాత ఇసుకలో పిడికెడు బంకమట్టి కలిపి మళ్ళీ చెయ్యండి. ఆ పిడికెడుకే ఎంత తేడా వచ్చిందో మాకు రాసి పంపితే వచ్చే సంచికలో వేస్తాం.

ఈ మార్చిలో మళ్ళీ గట్టి వానే పడింది. బేస్‌మెంట్ గోడ పొడిగా ఉంది. మా నాయన అప్పటికి ఊళ్ళో ఉన్నాడు. ఫోన్ చేసి చెబితే, "గుంత మీద ఒండ్రు తీసినావా?" అని అడిగాడు.

తడిసిన ఉత్తరాలు బట్టల తీగకి క్లిప్పులు పెట్టి ఆరేశాం. పదకొండు మిగిలాయి. అందులో ఒకటి మొదటి బోరు ఎండిన వారం రాసింది. సగం అక్షరాలు పోయాయి. చదవగలిగిన చోట మాత్రం బోరు పడలేదనీ, ఫీజు డబ్బు విడిగా పంపుతున్నాననీ, బాగా చదువుకోమనీ ఉంది. ఆ డబ్బు ఎక్కడ సర్దాడో అప్పుడు నేను అడగలేదు. ఇప్పుడు అడిగితే, "ఎప్పటి మాటలేరా అవి," అని నవ్వేశాడు.

ఉత్తరాలన్నీ ఇప్పుడు మేడ మీద గదిలో, మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ పెట్టెలో ఉన్నాయి. అట్టపెట్టెలో కాదు. మీ బేస్‌మెంట్‌లో అలాంటి పెట్టె ఏదైనా ఉంటే, ఈ శనివారం పైకి తెచ్చి పెట్టుకోండి.